అల్లుడుగారి పాత ట్రక్కు

"పదమూడేళ్ల పాత బండా? అదీ సామాన్లేసుకునే ట్రక్కా?"

గుంటూరు నుంచి ఫోన్లో తల్లి అడిగిన మొదటి మాట అది. రెండో మాట ఇంకాస్త ఘాటుగా వచ్చింది. "కోడలు డాక్టరు. నువ్వు ఇంజినీరువి. మీ పెద్దమ్మ కొడుకు న్యూజెర్సీలో కొత్త కారు కొని, ముందర కొబ్బరికాయ కొట్టి ఫొటో పంపించాడు. నలుగురూ అడిగితే నేనేం చెప్పుకోవాలిరా... మావాడు లారీ కొన్నాడనా?"

అతను నవ్వి ఊరుకున్నాడు. ట్రక్కు ఎందుకు కొన్నాడో చెప్పాలంటే అంతకు రెండు వారాల ముందు జరిగింది కూడా చెప్పాలి. అది ఇంటికి చెప్పకూడదని భార్యాభర్తలిద్దరూ అప్పటికే అనుకున్నారు.

పేర్లెందుకు గానీ, ఆమెది నరసరావుపేట. ఆర్టీసీ డ్రైవరు కూతురు. గుంటూరు మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ చదివి, అమెరికాలో డెట్రాయిట్ దగ్గర రెసిడెన్సీ చేసింది. జే-1 వీసా మీద అక్కడ రెసిడెన్సీ చేసిన డాక్టర్లు చదువు పూర్తయ్యాక రెండేళ్లు సొంత దేశానికి వెళ్లిపోవాలి. వెళ్లకుండా ఉండాలంటే డాక్టర్లు దొరకని ప్రాంతంలో మూడేళ్లు పనిచేస్తామని ఒప్పుకోవాలి. ఒక్కో రాష్ట్రంలో ఏటా 30 మందికి ఈ వెసులుబాటు ఉంటుంది. మన తెలుగు డాక్టర్లు ఎంతోమంది పేరు కూడా వినని పల్లెటూళ్లకు వెళ్లింది ఈ దారిలోనే. ఆమె కూడా 2017 ఆగస్టులో అలాగే వెళ్లింది.

అతని పరిస్థితి వేరు. భార్య రెసిడెన్సీ చేసినన్నాళ్లూ అతనికి ఉద్యోగం చేసుకునే అనుమతి ఉండేది. ఆమె హెచ్-1 వీసాకు మారగానే అతను హెచ్-4కి, అంటే డిపెండెంట్ వీసాకు మారిపోయాడు. గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటితే తప్ప ఆ వీసా మీద పని చేయడానికి వీల్లేదు. తెలుగువాళ్లలో ఈ బాధ ఎక్కువగా పడింది ఆడవాళ్లు. మగవాడు పడితే ఎలా ఉంటుందో అతనికి ఆ ఏడాదే తెలిసింది. పొద్దున్నే భార్యకు టిఫిన్ డబ్బా కట్టిచ్చి, తలుపేసుకుని, కిటికీలోంచి మంచు చూడడం... అంతే పని.

మూడంతస్తుల మంచు

వాళ్లు వెళ్లిన చోటు పేరు కీవెనా. అమెరికా పటంలో పైన అయిదు పెద్ద సరస్సులు కనిపిస్తాయి కదా, వాటిలో అన్నిటికంటే పెద్దది సుపీరియర్. మిషిగన్ రాష్ట్రం ఉత్తరపు కొసన, ఆ సరస్సులోకి వేలు చాపినట్టు ఉండే నేల ఇది. ఒకప్పుడు రాగి గనులతో వెలిగిన ప్రాంతం. గనుల్లో పనికి ఫిన్లాండ్ నుంచి, ఇంగ్లండులోని కార్న్‌వాల్ నుంచి వచ్చినవాళ్ల మనవలూ మునిమనవలూ ఇప్పటికీ అక్కడ ఉన్నారు. గనులు మాత్రం మూతబడ్డాయి.

చలికాలంలో కెనడా వైపు నుంచి వీచే గాలి సరస్సు మీదుగా వస్తుంది. గాలి కంటే నీళ్లే వెచ్చగా ఉంటాయి కాబట్టి దారిపొడవునా ఆవిరిని తాగుతూ వచ్చి, గట్టెక్కగానే మంచుగా కుమ్మరిస్తుంది. నవంబరులో మొదలైతే ఏప్రిల్ దాకా ఇదే వరస. మామూలు ఏడాదిలోనే అక్కడ కురిసే మంచు 200 అంగుళాలు దాటుతుంది. 1978-79 చలికాలంలో 390.4 అంగుళాలు కురిసిందట. అంటే 32 అడుగుల పైమాటే, మన మూడంతస్తుల మేడంత! ఆ లెక్క చూపించే నిలువెత్తు కొలబద్ద ఒకటి రోడ్డు పక్కనే పాతి ఉంటుంది. ఫైరింజన్లకు నీళ్లిచ్చే కుళాయిలకు పొడుగాటి కడ్డీలు కట్టి జెండాలు పెడతారు, మంచులో కూరుకుపోయినా ఎక్కడున్నాయో తెలియడానికి. కొందరు కార్లకు కూడా జెండాలు కట్టుకుంటారు. రోడ్డుకు రెండువైపులా మంచు గోడలు లేస్తాయి కాబట్టి మలుపు దగ్గర అవతలివాడికి కారు కనిపించదు, జెండా కనిపిస్తుంది.

ఇంటికీ ఆస్పత్రికీ మధ్య దూరం 35 కిలోమీటర్లు. వాళ్ల దగ్గరున్నది డెట్రాయిట్‌లో కొన్న చిన్న కారు. నవంబరు మూడో వారంలో ఓ తెల్లవారుజామున ఆమె నైట్ డ్యూటీ ముగించుకుని వస్తోంది. చిన్న వంపు. కారు తిరగాల్సిన చోట తిరగలేదు. నెమ్మదిగా, ఎవరో తోస్తున్నట్టుగా జారిపోయి రోడ్డు పక్క గుంటలో దిగబడింది. దెబ్బలేమీ తగల్లేదు. ఫోన్లో సిగ్నల్ లేదు. చలికి ఇంజన్ ఆపకుండా హీటర్ వేసుకుని కూర్చుంది.

నలభై నిమిషాల తర్వాత ఒక పాత పికప్ ట్రక్కు ఆగింది. అందులోంచి దిగిన పెద్దాయన ఆమెను పలకరించకముందే కారు వెనక్కి వెళ్లి, పొగగొట్టం చుట్టూ పేరుకున్న మంచును కాళ్లతో తన్నేశాడు. గొట్టం మూసుకుపోతే పొగ లోపలికి చేరుతుంది. అందులోని కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు. నిద్రపోతున్నట్టే మనిషి పోతాడు. డాక్టరమ్మకు ఈ సంగతి పుస్తకంలో తెలుసు, గుంటలో గుర్తు రాలేదు.

ఆ పెద్దాయన వాళ్ల వీధిలోనే నాలుగిళ్ల అవతల ఉంటాడు. అడవిలో కలప కొట్టే పనిచేసి రిటైరయ్యాడు. కారును బయటికి లాగి, ఇంటిదాకా వెనకే వచ్చి, అతనితో ఒకే మాట చెప్పి వెళ్లాడు. "ఈ కారుతో మీరు చలికాలం దాటలేరు."

ఆమె స్నానం చేసి కాఫీ తాగుతూ అన్నది ఇంకా చిన్నమాట. "రేపు మళ్లీ డ్యూటీ ఉంది."

సుత్తి దెబ్బ

కొత్త ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ కొనాలంటే అప్పట్లోనే ముప్ఫై, నలభై వేల డాలర్లు. ఒకరి జీతం, మెడిసిన్ అప్పులు. పాతదే దిక్కు. అతను ఆన్‌లైన్లో ఫొటోలు చూసి ఒక ట్రక్కు ఎంచుకున్నాడు. నల్లగా నిగనిగలాడుతోంది. ఎందుకైనా మంచిదని పెద్దాయనను వెంట తీసుకెళ్లాడు. ఆయన జేబులో చిన్న సుత్తి పెట్టుకొచ్చాడు. బండి రంగు చూడలేదు, సీట్లు చూడలేదు. మంచులోనే వెల్లకిలా పడుకుని కిందికి దూరి, ఛాసిస్ పొడవునా సుత్తితో కొట్టుకుంటూ పోయాడు. ఠంగ్... ఠంగ్... ఠంగ్... వెనక చక్రం దగ్గరికొచ్చేసరికి 'డబ్' అంది. ఇంకో దెబ్బకు సుత్తి మొన లోపలికి దిగిపోయింది. తుప్పు మీద కొత్తగా నల్లరంగు పూశారన్నమాట.

తప్పు బండిది కాదు, ఉప్పుది. మంచు కరగడానికి అక్కడ రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. (చలి మరీ ముదిరితే ఉప్పు కూడా పనిచేయదు, అప్పుడు ఇసుక.) ఆ ఉప్పునీళ్లు బండి కింద చేరి, ఇనుమును చెదపురుగుల్లా తినేస్తాయి. తమాషా ఏమిటంటే, కార్ల పరిశ్రమకు పుట్టిల్లయిన డెట్రాయిట్ నగరం కిందే, దాదాపు 1,100 అడుగుల లోతున పెద్ద ఉప్పు గని ఉంది. పైన కార్లు తయారుచేసిన ఊరి కింద నుంచే వాటిని తినే ఉప్పు వస్తుంది!

అందుకే మంచు రాష్ట్రాల్లో పాత ట్రక్కు కొనేవాళ్లు ముందు అడిగేది ఎన్ని మైళ్లు తిరిగిందని కాదు, ఏ రాష్ట్రంలో తిరిగిందని. ప్రతి బండికీ ఉండే 17 అక్షరాలూ అంకెల నంబరు కొట్టి చూస్తే అది ఎక్కడెక్కడ రిజిస్టరయిందో, ప్రమాదాల్లో పడిందో లేదో తెలుస్తుంది. అలా వెదగ్గా దొరికింది ఒక 2004 మోడల్ ఫోర్డ్ రేంజర్. ఒక లక్షా ముప్ఫై వేల మైళ్లు తిరిగింది, కానీ తిరిగిందంతా టెనసీలో. అక్కడ ఉప్పు తక్కువ. చేత్తో మార్చే గేర్లు, ఆరు సిలిండర్ల ఇంజన్, వెలిసిపోయిన ఎర్రరంగు. సుత్తి ఎక్కడ కొట్టినా ఠంగుమంది. ఆరువేల డాలర్లకు బేరం తెగింది.

ఆదివారం పూట పూజ చేశారు. కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి ముందుకు కదిపితే ఒక్కటీ నలగలేదు. ఆ చలికి గోళీకాయల్లా గడ్డకట్టుకుపోయి, పక్కకు తన్నుకుని మంచులో మాయమయ్యాయి. "శకునం మంచిదేనంటావా?" అని అడిగితే, "నిమ్మకాయలకే గ్రిప్పు లేదు, ముందు టైర్లు మార్చు" అన్నదట ఆమె.

ఎలా కదలాలో, ఎలా ఆగాలో

ఆ మాట నిజం. ఫోర్ వీల్ డ్రైవ్ అనగానే ఏ మంచులోనైనా, ఏ బురదలోనైనా దూసుకుపోతుందని అనుకుంటాం. అది చేసేది ఒక్కటే. ఇంజను బలాన్ని రెండు చక్రాలకు బదులు నాలుగింటికీ పంచుతుంది. నేలను పట్టుకోవాల్సింది టైరే. మామూలు టైరు రబ్బరు 7 డిగ్రీల సెల్సియస్ కంటే చలి పెరిగితే బిరుసెక్కడం మొదలుపెడుతుంది. చలికాలపు టైరు మైనస్ ఇరవైలోనూ మెత్తగా ఉండేలా వేరే రబ్బరుతో చేస్తారు. దాని పక్కన మూడు శిఖరాల కొండ బొమ్మ, మధ్యలో మంచురేకు గుర్తు ఉంటుంది. 'ఎం ప్లస్ ఎస్' అక్షరాలు ఉంటే చాలని నమ్మి మోసపోయేవాళ్లు ఎక్కువ. ఆ గుర్తుకు పరీక్షలేమీ ఉండవు. పిల్లలు మంచు దేశాల్లో ఉన్నవాళ్లెవరైనా ఈ ఒక్క ముక్క ఫోన్లో చెప్పి పెట్టండి, పనికొస్తుంది.

అతనికి పని దొరికింది. జీతం లేకపోవచ్చు గానీ పని పనే. పికప్ ట్రక్కుకు బరువంతా ముందే ఉంటుంది, వెనక తొట్టి ఖాళీ. వెనక చక్రాలు ఊరికే తిరిగిపోతాయి. అందుకని అయిదు ఇసుక మూటలు, ఒక్కోటి 27 కిలోలు, సరిగ్గా వెనక ఇరుసుకు పైన పేర్చి జారకుండా కట్టాడు. మరీ వెనక్కి పెడితే ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగ్ మాట వినదు. చిక్కుకుంటే ఒక మూట విప్పి చక్రాల కింద ఇసుక చల్లుకోవచ్చు కూడా. ఇంజనుకు బ్లాక్ హీటర్ పెట్టించాడు. రాత్రి దాని ప్లగ్గు ఇంట్లో సాకెట్‌లో పెడితే ఇంజను చుట్టూ ఉండే నీళ్లు గడ్డకట్టే చలిలోనూ గోరువెచ్చగా ఉంటాయి. బ్యాటరీ కొత్తది వేశాడు. మైనస్ 18 దగ్గర బ్యాటరీ బలం సగానికి సగం పడిపోతుంది. బండి కింద గొర్రె ఉన్ని నుంచి తీసే లానోలిన్ నూనె కొట్టించాడు, ఉప్పు అంటకుండా. నాలుగు రోజులు ఇల్లంతా తడిసిన గొంగళి వాసన!

సీటు వెనక పార, రెండు రగ్గులు, టార్చి, కొవ్వొత్తులు, అగ్గిపెట్టె, పల్లీ చిక్కీలు. ఇంకా సాగే గుణమున్న నైలాన్ పట్టీ ఒకటి. చివర్ల ఇనుప కొక్కేలున్న తాడు వద్దని పెద్దాయన గట్టిగా చెప్పాడు. లాగేటప్పుడు తెగితే కొక్కెం తుపాకీ గుండులా వస్తుందట. ట్రైలర్ తగిలించే గుండ్రటి బంతికి కూడా పట్టీ ఎప్పుడూ తగిలించకూడదు, అది ఊడితే మనిషి బతకడు.

ఇన్ని చేసుకున్నాక అతనికి కాస్త పొగరొచ్చింది. రాదా మరి? 2018 జనవరిలో ఓ సాయంత్రం ఆమెను తీసుకురావడానికి వెళ్తున్నాడు. అందరూ ముప్ఫైలో పోతుంటే అతను యాభైలో. నాలుగు చక్రాలూ పట్టుకున్నట్టే ఉంది. కూడలి దగ్గర ఆగాలని బ్రేకు తొక్కాడు. పెడల్ కాలికింద గడగడ కొట్టుకుంది తప్ప బండి ఆగలేదు. స్టాప్ బోర్డు దాటి కూడలి మధ్యలోంచి జారుకుంటూ వెళ్లి అవతలి మంచు గోడలో ముక్కు పెట్టింది. వెనకాలే, అతను దాటిన చోటు మీదుగా, మంచు తోసే ప్రభుత్వ లారీ హారన్ కొట్టుకుంటూ వెళ్లిపోయింది. తేడా రెండు సెకన్లు.

పెద్దాయనకు చెబితే నవ్వలేదు. "నాలుగు చక్రాలకు ఇంజను ఉన్న బండికీ, రెండు చక్రాలకు ఉన్న బండికీ బ్రేకులు నాలుగే. నీది బయల్దేరడంలో గొప్ప. ఆగడంలో అందరిలాంటిదే. ఇంకా బరువెక్కువ" అన్నాడు. అంతేకాదు, ఫోర్ వీల్‌లో ఉంటే చక్రాలు జారడం డ్రైవరుకు ఆలస్యంగా తెలుస్తుంది. అందుకే గుంటల్లో ఎక్కువగా కనిపించేవి పెద్ద బండ్లేనట.

ఆ రాత్రి విషయం కూడా ఇంటికి చెప్పలేదు. మంచు గోడలో విరిగిన హెడ్‌లైటు అద్దం మాత్రం సొంతంగా మార్చుకున్నాడు.

శ్రీశైలం ఘాటు నుంచి...

మే నెలలో మావగారూ అత్తగారూ వచ్చారు. ముప్ఫై ఏళ్లు బస్సు నడిపి రిటైరైన మనిషి. అందులో సగం సర్వీసు దోర్నాల ఘాటు మీదుగా శ్రీశైలానికే. ఎయిర్‌పోర్టులో కూతుర్ని పలకరించి, అల్లుడి భుజం తట్టి, నేరుగా ట్రక్కు చుట్టూ ఒక ప్రదక్షిణ చేశారు. వంగి కమాన్ కట్టలు చూశారు. "కట్టలు బాగున్నయ్యి. ఎవరు చూశారు బాబూ కొనేటప్పుడు?" అనడిగారు. గుంటూరులో ఎవరికీ నచ్చని బండి నరసరావుపేటకు నచ్చింది.

అప్పటికి మంచు కరిగి అడవి దారులన్నీ బురద. కలప లారీల కోసం వేసిన మట్టిరోడ్లు అక్కడ బోలెడు. కొన్నింటికి 'చలికాలంలో మంచు తీయబడదు' అని బోర్డులుంటాయి. నవంబరు నుంచి అవి మంచు మీద తిరిగే బండ్లవే. పెద్దాయన ఇద్దరినీ వెంటేసుకుని ఆ దారులన్నీ చూపించాడు. భాష రాకపోయినా ఇద్దరు ముసలివాళ్లకీ బాగా కుదిరింది. ఒకాయన తెలుగులో, ఒకాయన ఇంగ్లిషులో గేర్ల గురించి మాట్లాడుకునేవారు. కీమా కజ్జికాయలా ఉండే 'పేస్టీ'ని పెద్దాయన తెచ్చిస్తే, అత్తగారు అందులో మాంసం ఉందని తెలిసి ముట్టుకోలేదు గానీ, బదులుగా జంతికలు పంపారు.

మావగారికి అక్కడి రోడ్డు మీద నడిపే ఉద్దేశం లేదు. కానీ పెద్దాయన సొంత పొలంలో ఒకరోజు తాళాలు చేతికిచ్చాడు. డాష్‌బోర్డు మీద తిప్పే బిళ్ల ఉంటుంది. మామూలుగా రెండు చక్రాలు, తర్వాత ఫోర్ వీల్ హై, చివర లో. 'లో'లో పెడితే బండి నడక కంటే నెమ్మది, బలం మాత్రం ఎన్నోరెట్లు. బురద వాలు దిగేటప్పుడు మావగారు బ్రేకు మీద కాలే పెట్టలేదు. "ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి బాబూ. బ్రేకు నమ్ముకుంటే ఘాటులో లోయే" అన్నారు. అల్లుడు జనవరిలో నేర్చుకున్న పాఠం ఆయన ఎప్పుడో ఘాటు రోడ్డు మీద నేర్చుకున్నదే.

ఎండగా ఉన్న తారురోడ్డు మీద ఫోర్ వీల్ వెయ్యకూడదన్నది కూడా ఆయన ఎవరూ చెప్పకుండానే కనిపెట్టారు. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు, వెనక చక్రాలు ఒకే దూరం పోవు. మట్టిలో అయితే కాస్త జారి సర్దుకుంటాయి. గట్టి తారు మీద జారవు, లోపల పళ్ల చక్రాలు బిగుసుకుంటాయి. స్టీరింగ్ పట్టేసినట్టు ఉంటే ఆయన వెంటనే బిళ్ల వెనక్కి తిప్పేశారు.

2018 జూన్ 17, ఆదివారం. అమెరికాలో ఆ రోజు ఫాదర్స్ డే. అర్ధరాత్రి మొదలైన వాన తెల్లారేసరికి ఆ ప్రాంతాన్ని చిందరవందర చేసింది. కొన్ని గంటల్లోనే కొన్నిచోట్ల ఆరు అంగుళాలు దాటింది. హౌటన్, హాంకాక్ ఊళ్లు కొండవాలు మీద ఉంటాయి. నీళ్లు రోడ్లను కోసుకుంటూ, రాళ్లను మోసుకుంటూ కిందికి పరుగెత్తాయి. పదుల చోట్ల రోడ్లు కొట్టుకుపోయాయి. అక్కడివాళ్లు ఇప్పటికీ దాన్ని ఫాదర్స్ డే వరద అనే అంటారు.

అయిదింటికి ఆస్పత్రి నుంచి ఫోన్. రాత్రి డ్యూటీ డాక్టరును విడిపించడానికి రావాల్సినవాళ్లు రాలేకపోతున్నారు, మీరు రాగలరా అని. ట్రక్కు బయల్దేరింది. అతను, ఆమె, మధ్యలో మావగారు. వద్దన్నా వినలేదు.

ఆరో కిలోమీటరు దగ్గర చిన్న వాగు మీద తూము ఉంది. వాన తగ్గింది. నీళ్లు రోడ్డు మీద లేవు. తారు నల్లగా, తడిగా, చెక్కు చెదరనట్టే ఉంది. అతను ఫోర్ వీల్ హైలో వేసి ముందుకు పోనివ్వబోయాడు.

"ఆపు బాబూ" అన్నారు మావగారు.

టార్చి తీసుకుని దిగి, రోడ్డు అంచునే నడుచుకుంటూ వెళ్లి, బోర్లా పడుకుని కిందికి చూశారు. తిరిగొచ్చి ఏమీ మాట్లాడకుండా అల్లుణ్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి చూపించారు. పైన తారు ఉంది. కింద రోడ్డు లేదు. మట్టి మొత్తం కొట్టుకుపోయి, తారు అప్పడంలా గాలిలో వేలాడుతోంది. ఇసుక మూటలు, మంచి టైర్లు, నాలుగు చక్రాల బలం... బండి ఎంత బరువుంటే అంత తొందరగా కిందికి!

అతని కాళ్లు వణికాయి. ఆమె మాత్రం వాచీ చూసుకుంది.

వెనక్కి తిప్పారు. పెద్దాయన మేలో చూపించిన కలప దారి ఒకటి గట్టు మీదుగా పోతుంది. చుట్టూ తిరుగుడే గానీ వాగులు తక్కువ. మొదట టైర్లలో గాలి 35 నుంచి 20కి దించారు. గాలి తగ్గితే టైరు పరుచుకుని మెత్తటి నేలను ఎక్కువ మేర పట్టుకుంటుంది. 'లో'లో, రెండో గేరులో, మనిషి నడిచినంత వేగంతో. దారిలో తూము వచ్చిన ప్రతిచోటా మావగారు దిగి కర్రతో పొడుచుకుంటూ ముందు నడిచారు, బండి వెనకాల వచ్చింది. ఒకచోట చెట్టు అడ్డంగా పడితే పట్టీ కట్టి లాగారు. ముప్పావు గంట దారికి రెండు గంటల పది నిమిషాలు పట్టింది. ఆస్పత్రి గుమ్మం దగ్గర ఆమె బురద బూట్లు విప్పి తండ్రి చేతికిచ్చి, వట్టి మేజోళ్లతో లోపలికి పరుగెత్తింది.

"హ్యాపీ ఫాదర్స్ డే చెప్పనేలేదు" అని సాయంత్రం ఫోన్ చేసి చెప్పింది.

ఆ తర్వాత మూడు వారాలు ట్రక్కుకు ఊపిరాడలేదు. ఎవరి సెల్లారులోనో బురద, ఎవరి వాకిట్లోనో కంకర. డబ్బు తీసుకోవడానికి వీసా ఒప్పుకోదు, అతనూ అడగలేదు. వంటింట్లో పేస్టీలు, బ్లూబెర్రీ జామ్ సీసాలు పేరుకుపోయాయి. వీధిలో అందరికీ అతని పేరు నోరు తిరగకపోయినా, 'రెడ్ రేంజర్' అంటే తెలిసేది. అత్తగారు ఫోన్లో వియ్యపురాలికి జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పేశారు. చెప్పొద్దనుకున్న నవంబరు గుంటతో సహా. గుంటూరు నుంచి ఆ రాత్రి వచ్చిన ఫోన్లో బండి మాట లేదు. "ఒరేయ్, ఆ ముసలాయనకి మా తరఫున ఒక పంచెల చాపు ఇవ్వరా" అని మాత్రం అన్నది తల్లి.

తర్వాతి రెండు చలికాలాలూ పెద్దగా చెప్పుకోవడానికేమీ లేకుండా గడిచాయి. చలికాలం అలా గడవడమే కదా కావలసింది. ఒకసారి ఫోర్ వీల్‌కు మార్చే చిన్న మోటారు పట్టేసింది. ఎండాకాలమంతా వాడకుండా వదిలేస్తే తేమకు బిగుసుకుపోతుంది. నెలకోసారైనా మట్టిదారిలో వేసి తియ్యాలి. అది తెలియక కొంత డబ్బు వదిలింది. మూడుసార్లు గుంటలో పడ్డ వాళ్లను అతనే లాగాడు. ప్రతిసారీ మొదట బండి వెనక్కి వెళ్లి పొగగొట్టం చూసేవాడు.

2020 ఆగస్టుతో ఒప్పందం మూడేళ్లూ ముగిశాయి. ఆమెకు టెక్సస్‌లో ఉద్యోగం. డాలస్ ఎండలో ఇసుక మూటలు ఏం చేసుకుంటారు? ట్రక్కు అమ్మకానికి పెడితే మూడో రోజు ఒక కుర్రాడు వచ్చాడు. అక్కడి మిషిగన్ టెక్ యూనివర్సిటీలో అడవుల గురించి చదువుతున్నాడట. మొదటి చలికాలం చూడబోతున్నాడు. రంగు చూశాడు, సీట్లు చూశాడు, పాటలపెట్టె మోగించాడు. నాలుగున్నర వేలకు సరేనన్నాడు. డబ్బు తీయబోయాడు.

అతను "ఒక్క నిమిషం" అని లోపలికెళ్లాడు. పెద్దాయన ఇచ్చిన సుత్తి తెచ్చి కుర్రాడి చేతిలో పెట్టాడు. కింద పరుచుకోవడానికి పాత గోనెసంచి కూడా.

కుర్రాడు కాసేపు అర్థంకానట్టు చూసి, పడుకుని కిందికి దూరాడు.

ఠంగ్... ఠంగ్... ఠంగ్...